పండగనాడు కాదు, అంతకు మూడు రోజుల ముందు

కర్నూలు, అనంతపురం, కడప నుంచి కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో ఆరు నెలల విజిటర్ వీసా మీద బ్రిటన్ పోయే పెద్దవాళ్ళు చూసొచ్చేవి దాదాపు ఒకటే వరుస. లండన్లో గడియారం, రాజుగారి భవంతి, ఒక శనివారం స్టోన్‌హెంజ్ అనే పాతకాలపు రాతి వలయం. తాడు ఇవతల నిలబడి రాళ్ళతో ఒక ఫొటో, అంగట్లో ఫ్రిజ్జుకు అంటించే బొమ్మ, తిరుగు బస్సు. ఆ దేశంలోనూ పల్లెల్లో తిరునాళ్ళు ఉంటాయని, అగ్గి మోసే ఊళ్ళు, గుడ్డపీలికలు కట్టే బావులు ఉంటాయని వీళ్ళకు చెప్పేవాళ్ళు లేరు. పిల్లలకూ తెలియదు, వాళ్ళ షిఫ్టులు వాళ్ళవి.

వాటిలో కొన్నిటి గురించి ఈ పోస్టు. ముందే ఒక మాట: జాతరనాడే పోవాలని పట్టుబట్టకండి. కదిరి తేరునాడు జనం తలలు తప్ప ఏం కనబడతాయి? మోకులు కట్టేరోజు పోతే తేరు ఎట్లా నిలబడిందో తెలుస్తుంది. అక్కడా అంతే. పని జరిగే రోజుల్లో జనం పలచగా ఉంటారు, మాట్లాడే తీరిక ఊరివాళ్ళకు ఉంటుంది, చాలాచోట్ల అడిగితే ఒక చెయ్యి వేయనిస్తారు కూడా.

తేదీల దగ్గరే సగంమంది దెబ్బ తింటారు. మనకు పంచాంగం చూస్తే పనైపోతుంది. అక్కడ మూడు రకాల లెక్కలు పక్కపక్కన నడుస్తాయి. కొన్ని జాతరలకు తేదీ కదలదు. కొన్ని ఈస్టర్‌ను పట్టుకుని ముందుకూ వెనక్కూ జరుగుతుంటాయి. ఇంకొన్నిటికి తేదీతో పనిలేదు, వారమే ముఖ్యం: జనవరి ఆఖరి మంగళవారం, మే ఆఖరి సోమవారం, ఇట్లా.

ఈస్టర్ లెక్క మనవాళ్ళకు కష్టమేం కాదు, పున్నమి తెలిస్తే చాలు. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పున్నమి, అది దాటాక వచ్చే ఆదివారం. పున్నమే ఆదివారం పడితే ఆపై ఆదివారం. 2027లో హోళీ పున్నమి మార్చి 22, కాబట్టి ఈస్టర్ మార్చి 28. 2026లో ఫాల్గుణ పున్నమి మార్చి 3నే వచ్చింది, 21కి ముందే. అందుకే చైత్ర పున్నమి దాకా ఆగి ఏప్రిల్ 5న. ఒక మెలిక ఉంది: చర్చి చూసేది ఆకాశంలోని చంద్రుణ్ణి కాదు, పట్టికలోని చంద్రుణ్ణి. రెంటికీ అప్పుడప్పుడూ ఒక రోజు తేడా వస్తుంది. ఈస్టర్ నుంచి 40వ రోజు అసెన్షన్ డే, అంటే క్రీస్తు పరలోకానికి ఎక్కిపోయిన రోజు, ఎప్పుడూ బేస్తవారమే. ఈస్టర్ ఆదివారాన్నే ఒకటోరోజుగా లెక్కపెట్టాలి. మర్నాటి నుంచి మొదలుపెడితే శుక్రవారం తేలుతుంది, మీరు ఊరికి చేరేసరికి నిన్ననే అయిపోయిందంటారు. 2027లో అది మే 6.

ఇక ఆదివారం గండం. పాత పద్ధతి ప్రకారం ఆదివారం చర్చి రోజు, ఆనాడు అల్లరి కూడదు. కార్న్‌వాల్‌లోని పాడ్‌స్టోలో మే 1న నల్ల గుడ్డ కప్పిన గుర్రం వేషం ఆడుతుంది. మే 1 ఆదివారమైతే సోమవారానికి జరుపుతారు. ససెక్స్‌లోని లూయిస్‌లో నవంబరు 5 మంటలు ఆదివారం పడితే వెనక్కి, శనివారానికి జరుపుతారు. ఒకరు ముందుకు, ఒకరు వెనక్కి. సూత్రమేం లేదు, ఊరిని బట్టి కనుక్కోవడమే.

అన్నిటికంటే పెద్ద తికమక 1752లో జరిగింది. బ్రిటన్ పాత జూలియన్ క్యాలెండర్ వదిలి కొత్తదానికి మారినప్పుడు, ఆ ఏడు సెప్టెంబరు 2 బుధవారం తర్వాత నేరుగా సెప్టెంబరు 14 బేస్తవారం వచ్చింది. పదకొండు రోజులు మాయం. కొన్ని ఊళ్ళు సర్కారు తేదీని ఒప్పుకోకుండా తమ పండగను పాత రోజుకే ఉంచుకున్నాయి. స్కాట్లండ్‌లోని బర్గ్‌హెడ్ ఇప్పటికీ పాత సంవత్సరాంతాన్ని జనవరి 11న చేస్తుంది. సోమర్సెట్‌లోని కార్‌హాంప్టన్ ఆపిల్ తోటల్లో చెట్లకు మొక్కే పండగ జనవరి 17న. అక్కడ ఆపిల్ సారాయిలో ముంచిన రొట్టెముక్కను కొమ్మల మధ్య పెట్టి, మిగిలింది వేళ్ళలో పోసి, తుపాకులు పేల్చి చెట్టును నిద్రలేపుతారు. చీనీతోటలున్న మన తాడిపత్రి, పులివెందుల రైతులకు ఈ ఆలోచన నచ్చుతుందేమో.

స్టోన్‌హెంజ్‌కు పోవద్దని అనను. సగటున 25 టన్నుల బరువున్న, సార్సెన్ అనే గట్టి ఇసుకరాతి బండలను క్రీస్తుపూర్వం 2500 ప్రాంతంలో నిలబెట్టారు. వాటిలో ఎక్కువ భాగం ఉత్తరాన 25 కిలోమీటర్ల దూరంలోని వెస్ట్ వుడ్స్‌వని 2020లో తేలింది. చిన్నవైన నీలిరాళ్ళు వేల్స్‌లోని ప్రెసెలీ కొండల నుంచి వచ్చాయి, కర్నూలు నుంచి హైదరాబాదు దాటినంత దూరం. మధ్యలో పడుకుని ఉన్న ఆల్టర్ స్టోన్ అనే రాయి స్కాట్లండ్ ఈశాన్య మూల నుంచి వచ్చిందని 2024లో బయటపడింది, అది ఎంత తక్కువ వేసుకున్నా 700 కిలోమీటర్లు. అక్కడ చూడాల్సిన చిన్న సంగతి ఒకటుంది, గైడ్లు హడావిడిలో దాటేస్తారు. పైరాయి పడిపోయిన ఒక నిలువు బండ తలమీద గుండ్రటి బొడిపె కనిపిస్తుంది. అడ్డరాయి అడుగున దానికి సరిపడా గుంట తొలిచారు. అడ్డరాళ్ళు ఒకదానికొకటి పక్కనుంచి గాడిలో నాలుక దూర్చినట్టు అతుక్కుంటాయి. ఇదంతా వడ్లపని. కొయ్యతో కట్టడం తెలిసినవాళ్ళు అదే పద్ధతిని రాతికి వాడారు.

పగలు అన్నిటికంటే పొడుగుండే వేసవి అయనాంతానికి, మామూలుగా జూన్ 20 సాయంత్రం నుంచి 21 పొద్దున దాకా, రాళ్ళ మధ్యలోకి ఉచితంగా వదులుతారు. మద్యం, గాజుసీసాలు, డ్రోన్లు నిషేధం, రాళ్ళెక్కడం నిషేధం. సూర్యోదయం ఐదు గంటలకు ముందే. జూన్ కదా అని చొక్కా మీద పోయినవాళ్ళు తెల్లవారుజామున వణికి చస్తారు. అది బయలు ప్రదేశం, గాలికి అడ్డు లేదు. మబ్బు పట్టి సూర్యుడే కనబడని ఏళ్ళూ ఉంటాయి. నన్నడిగితే డిసెంబరు అయనాంతం మేలు. ఆ రాళ్ళ వరుస వేసవి సూర్యోదయానికి ఎంత సూటిగా ఉందో, సరిగ్గా వెనక్కి తిరిగితే చలికాలపు సూర్యాస్తమయానికీ అంతే సూటిగా ఉంటుంది. దగ్గర్లోని డ్యూరింగ్టన్ వాల్స్ తవ్వకాల్లో దొరికిన పంది ఎముకల్లో చాలావరకు తొమ్మిది నెలల వయసువి. వసంతంలో పుట్టిన పంది పిల్లలను చలికాలంలో కోసి విందు చేశారన్నమాట. అసలు పండగ చలికాలానిదే అయివుంటుందని పురాతత్వవేత్తలు అనడానికి ఇదొక ఆధారం.

తెల్ల అంగీలేసుకుని, ప్రాచీన పూజారుల వారసులమంటూ వచ్చే డ్రూయిడ్ల గురించి ఒక్క మాట. డ్రూయిడ్లు అనేవాళ్ళు రోమన్ల రాతల్లో కనబడేది ఈ బండలు నిలబెట్టిన రెండు వేల ఏళ్ళకు పైగా గడిచాక. ఆ రెంటినీ గట్టిగా ముడిపెట్టి పుస్తకం అచ్చు వేసింది విలియం స్టూక్లీ, 1740లో. లండన్ ప్రిమ్‌రోజ్ హిల్ మీద గులకరాళ్ళు వలయంగా పేర్చి 'ప్రాచీన' వేల్స్ కవుల సభ మొదలుపెట్టింది ఇయోలో మోర్గానుగ్, 1792లో. వాళ్ళ నమ్మకం వాళ్ళది, కానీ అయిదు వేల ఏళ్ళ ఆచారం అని ఎవరైనా చెబితే తల ఊపి ఊరుకోండి.

స్టోన్‌హెంజ్‌కు ఉత్తరాన 30 కిలోమీటర్ల లోపే ఏవ్‌బరీ ఉంది. ఒక్కరోజుకే వీలుంటే అక్కడికే పోండి. ప్రపంచంలోకెల్లా పెద్ద రాతి వలయం, అడ్డంగా 330 మీటర్ల పైన, దాని లోపలే సగం ఊరు. ఇళ్ళు, చర్చి, సారాయి అంగడి, మధ్యలో గొర్రెలు. రాళ్ళను తాకొచ్చు, ఆనుకుని కూర్చోవచ్చు, టికెట్ లేదు, కారు నిలిపినందుకే డబ్బు.

ఏవ్‌బరీలో చాలా రాళ్ళు ఇప్పుడు లేవు. ఏమయ్యాయన్నది మన అనంతపురం గుండ్లు చూసినవాళ్ళకు ఇట్టే అర్థమవుతుంది. 14వ శతాబ్దం ప్రాంతంలో కొన్నిటిని పక్కనే గుంత తవ్వి అందులోకి కూలదోసి పూడ్చారు. అట్లాంటి ఒక రాయి కింద 1938లో ఒక మనిషి అస్థిపంజరం దొరికింది; దగ్గర కత్తెర, సన్నటి వైద్యపు సాధనం, కొన్ని నాణేలు ఉన్నాయి. 17, 18 శతాబ్దాల్లో పద్ధతి మారింది, ఇళ్ళకు రాయి కావాలి. బండను గుంతలోకి వాల్చి, కింద గడ్డి పేర్చి మంట పెట్టి, బాగా కాలాక మీద ఒక గీత వెంబడి చన్నీళ్ళు పోసి, ఆ గీత మీదనే సమ్మెటతో కొట్టేవాళ్ళు. మన వడ్డెవాళ్ళు గుండును కాల్చి పలకలు లేపే పని తెలిసినవాళ్ళకు తేడా కనబడుతుంది. ఇక్కడి గ్రానైట్‌కు నిదానమైన మంట కావాలి, పొర విడివడాలి. సార్సెన్ అట్లా పొరలుగా లేవదు. ఉన్నట్టుండి చల్లబడ్డప్పుడు అడ్డంగా పగులుతుంది, అందుకే నీళ్ళు. ఆ పగలగొట్టడాన్ని కళ్ళారా చూసి బొమ్మలు గీసి పెట్టింది కూడా ఆ స్టూక్లీయే. డ్రూయిడ్ల కథ అల్లినందుకు తిట్టుకున్నా, ఇందుకు మాత్రం దండం పెట్టాలి. 1930ల్లో అలెగ్జాండర్ కైలర్ అనే మార్మలేడ్ వ్యాపార కుటుంబపు ఆసామి పూడ్చిన రాళ్ళను తీయించి మళ్ళీ నిలబెట్టాడు. రాయి దొరకని చోట చిన్న కాంక్రీటు దిమ్మె పాతించాడు. అక్కడ ఆ దిమ్మెలను కూడా లెక్కపెట్టుకుంటూ నడవండి, ఎన్ని పోయాయో తెలుస్తుంది.

సుద్ద గుర్రం దగ్గరికి వద్దాం. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఉఫింగ్టన్ అనే ఊరి పక్కన కొండవాలు మీద 110 మీటర్ల పొడవైన తెల్ల గుర్రం పరుగెత్తుతున్నట్టు ఉంటుంది. మొత్తం ఐదారు గీతల్లో తేల్చేసిన బొమ్మ. దూరం నుంచి చూస్తే పచ్చిక కోసి కింది సుద్ద బయటపెట్టారేమో అనిపిస్తుంది, చాలామంది అదే రాస్తారు. నిజానికి గీతల వెంబడి కాలువలు తవ్వి, కొన్నిచోట్ల మీటరు లోతు దాకా, వాటిని కొట్టిన సుద్దతో నింపారు. ఆ సుద్ద అడుగు పొరల్లోని మట్టి చివరిసారి ఎండ చూసింది ఎప్పుడో కొలిచే పద్ధతితో 1990ల్లో లెక్క కడితే, సుమారు మూడు వేల ఏళ్ళ నాటిదని వచ్చింది.

మూడు వేల ఏళ్ళుగా అది తెల్లగా ఉండడానికి కారణం సుద్ద కాదు, మనుషులు. పట్టించుకోకుండా వదిలేస్తే ఒక ఇరవై ఏళ్ళకు గడ్డి కమ్మేస్తుంది. వెనకటికి ఏడేళ్ళకొకసారి ఊళ్ళన్నీ కలిసి శుభ్రం చేసి, అక్కడే జాతర పెట్టుకునేవాళ్ళు. ఇప్పుడు నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ ఏటా వేసవిలో స్వచ్ఛందంగా వచ్చేవాళ్ళతో చేయిస్తుంది. ముందుగా పేరు రాయించుకుంటే చాలు. బకెట్లలో సుద్ద గడ్డలు ఇస్తారు, ఒక సుత్తి, మోకాళ్ళ కింద వేసుకోవడానికి మెత్త. ముందు గీతలోకి దూరిన గరిక పీకాలి, పైన బూడిదరంగు తిరిగిన పాత పొర గోకాలి. తర్వాత సుద్ద పరిచి, గడ్డ పిండి అయ్యేదాకా, పిండి ముద్ద కట్టేదాకా కొట్టాలి. తొందరపడి గడ్డలు గడ్డలుగా వదిలేస్తే మొదటి వానకే వాలు వెంబడి జారి కింది గీతలో పడతాయి. మన ఇంట్లో సున్నం వేసేటప్పుడు పలచగా ఉంటే గోడ పట్టదని తిడతారే, ఆ తిట్టే అక్కడా పనికొస్తుంది.

ఇంకో చిక్కు వాలుతో వస్తుంది. పైనుంచి మట్టి జారి గీత పై అంచును కప్పుతుంది, పచ్చిక లోపలికి పాకుతుంది. ఏటా అంచు మీద ఒక అంగుళం వదిలేస్తూ పోతే గీత సన్నబడుతుంది, బొమ్మ మారిపోతుంది. గుర్రం తల, మెడ అట్లా సన్నబడితే ఈమధ్య పచ్చిక కోసి పాత వెడల్పుకు తెచ్చారు. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ విమానాలకు ఆనవాలు దొరక్కూడదని గుర్రాన్ని మొత్తం కప్పిపెట్టారు కూడా. అయిపోయాక మళ్ళీ తీశారు.

ఇవన్నీ ఒక ఎత్తు, డెర్బీషైర్ బావుల అలంకారం ఒక ఎత్తు. చూడ్డానికి ఒకటే ఎంచుకోమంటే దీన్నే ఎంచుకోవాలి, ముఖ్యంగా ఇంట్లో ముగ్గులు, గొబ్బెమ్మలు, పూలజడలు తెలిసిన ఆడవాళ్ళు. పీక్ డిస్ట్రిక్ట్ అనే సున్నపురాతి కొండసీమలో ఊరి బావుల దగ్గర పూలరేకులతో పెద్ద పటాలు నిలబెడతారు. టిస్సింగ్టన్ అనే ఊళ్ళో అసెన్షన్ డే నాడు మొదలు. యూల్‌గ్రేవ్, టైడ్స్‌వెల్ లాంటి ఊళ్ళలో జూన్‌లో. ఎందుకు మొదలైందంటే రెండు కథలు చెబుతారు. 1349లో మహమ్మారి దేశమంతా తిరిగినా ఈ నీళ్ళు తాగినవాళ్ళను ముట్టలేదని ఒకటి, 1615 కరువులో ఈ బావులు మాత్రం ఎండలేదని ఇంకొకటి. సున్నపురాయి నేలలో వాన నీళ్ళు పైన నిలవవు, పగుళ్ళలో ఇంకి ఎక్కడో ఊటగా బయటికొస్తాయి. బనగానపల్లె, యాగంటి వైపు వాళ్ళకు ఊట విలువ వేరే చెప్పక్కర్లేదు.

పని సుమారు పది రోజుల ముందు మొదలవుతుంది. కొయ్య పలకలకు చుట్టూ అంచు కొట్టి పళ్ళెంలా చేస్తారు. లోపలి ముఖమంతా మేకులు సగం దాకా దిగ్గొట్టి తలలు పైకి వదులుతారు, మట్టి పట్టుకోవడానికి. ఈ పలకలను తీసుకుపోయి ఏట్లోనో కుంటలోనో రోజుల తరబడి ముంచిపెడతారు. ఇది చేయకపోతే మొత్తం పాడు. ఎండు కొయ్య మట్టిలోని తడిని లాగేస్తుంది, మట్టి బిగుసుకుని పగుళ్ళిస్తుంది, పలక నిలబెట్టాక పెళ్ళలుగా ఊడుతుంది.

తర్వాత మట్టి. రాళ్ళు, వేళ్ళు ఏరేసి, నీళ్ళు పోసి, ఉప్పు కలిపి కాళ్ళతో తొక్కుతారు. ఉప్పు తడిని పట్టి ఉంచుతుంది. పాకం తెలియాల్సింది ఇక్కడే: పలచనైతే పలక నిటారుగా లేపినప్పుడు మట్టి పొట్టలా కిందికి జారుతుంది, గట్టిదైతే రేకు అంటదు. అంగుళం మందాన పరిచి తడి తాపీతో నున్నగా లాగుతారు. దాని మీద నిలువెత్తు కాగితం బొమ్మ పరిచి, గీతల వెంబడి సూదితో పొడుస్తారు. కాగితం లేపితే మట్టి మీద చుక్కల వరుస. మన చుక్కల ముగ్గే, చుక్కలు దగ్గరదగ్గరగా.

చుక్కలను కలిపేది ఆల్డర్ చెట్టు నల్లకాయలతో. వేలి కణుపంత ఉంటాయి, చిన్న దేవదారు కాయల్లా. కాడ మట్టిలోకి గుచ్చుతూ వరుసగా పెడతారు. కొన్ని ఊళ్ళలో కాఫీ గింజలు, నల్ల ఉన్ని. ఈ నల్ల గట్టు ఒక్కో రంగును దాని గడిలో ఉంచుతుంది. ఆపై నాలుగు రోజులైనా వాడనివి ముందు: చెట్టు బెరడు, గింజలు, పాచి, రాతిపువ్వు. అవును, మనం బిరియానీలో వేసే రాతిపువ్వు జాతిదే, అక్కడ గోడల మీద విరివిగా పెరుగుతుంది. పూలరేకులు మాత్రం చివరి రెండు రోజుల్లోనే. కింది నుంచి పైకి పెట్టుకుంటూ పోవాలి, ఒక్కో రేకు కింది రేకు తలను కొంచెం కప్పాలి. పెంకుల ఇంటికి కప్పు వేసే పద్ధతే. పైనుంచి కిందికి వేస్తే వాన చుక్క రేకు వెనక్కి దూరి మట్టిని కరిగిస్తుంది, ఒక్క రాత్రిలో ముఖం సగం ఊడొస్తుంది. నీలాకాశానికి హైడ్రాంజియా రేకులు వాడతారు, అవి వాడినా ముడుచుకోవు. తెల్లరేకులు అన్నిటికంటే ముందు గోధుమరంగు తిరుగుతాయి, కాబట్టి తెల్ల గొర్రెబొచ్చు కొందరికి ఇష్టం.

నాలుగైదడుగుల పలకకు కూడా వేలకు వేల రేకులు పడతాయి. ఊళ్ళోని కొట్టాల్లోనో పెద్ద గదుల్లోనో పది మంది చేరి మాట్లాడుకుంటూ పెడుతుంటారు. చాలా ఊళ్ళలో ఆ రోజుల్లో తలుపు తీసే ఉంటుంది. శీర్షికలో చెప్పిన మూడు రోజుల ముందు అంటే ఈ రోజులే. చేతులు కడుక్కుని పోయి నిలబడితే ఎవరో ఒక పెద్దావిడ గిన్నెడు రేకులు మీ ముందు పెడుతుంది. నిలబెట్టాక పటం వారం రోజులుంటుంది, ఎండ ముదిరితే ఇంకా తక్కువ. రేకులు ముడుచుకుని సందుల్లోంచి మట్టి తొంగిచూస్తుంది. తర్వాత మట్టి గీకి వచ్చే ఏటికి దాచుకుంటారు.

ఇక్కడ ఎవరైనా గుడి కోనేటి దగ్గర ప్రయత్నించాలనుకుంటే రెండు జాగ్రత్తలు. నంద్యాల, కోవెలకుంట్ల వైపు నల్లరేగడి అస్సలు పనికిరాదు, ఆరితే వేలు దూరేంత పగుళ్ళిస్తుంది. కుమ్మరి వాడే చెరువు ఒండ్రు తెచ్చుకోండి. ఎండాకాలం వద్దు, మార్గశిరం, పుష్యం మేలు. నల్ల గట్టుకు చింతగింజలు చక్కగా సరిపోతాయి, రంగులకు బంతి, చామంతి రేకులు ఉండనే ఉన్నాయి.

అగ్గి పండగలకు గూగూడు కుళ్ళాయిస్వామి గుండం చూసినవాళ్ళు కొత్తగా భయపడాల్సిందేం లేదు, కానీ అక్కడ అగ్గి నేల మీద ఉండదు, భుజం మీద ఉంటుంది. బర్గ్‌హెడ్‌లో జనవరి 11న పీపాను సగానికి కోసి, పొడుగాటి గుంజకు ఒకే మేకుతో బిగిస్తారు. ఆ మేకు అందుకనే చేయించింది, దాన్ని సుత్తితో కాదు, రాతితో కొట్టాలి. లోపల తారు, కొయ్యముక్కలు. అగ్గిపుల్ల వాడరు, ఒక ఇంటి పొయ్యిలోంచి కాలుతున్న పీట్ (చిత్తడి నేలలో తవ్వి ఎండబెట్టిన, బొగ్గులా కాలే మట్టి) గడ్డ తెచ్చి అంటిస్తారు. మార్చుకుంటూ ఊరంతా మోసి, చివరికి గుట్ట మీద రాతిదిమ్మెకు ఎక్కించి కూలదోస్తారు. మోసేవాడు తడబడితే ఊరికి అరిష్టమంటారు. ఆరిన బొగ్గుముక్క ఇంట్లో దాచుకుంటారు, పీర్ల గుండం బూడిద మనవాళ్ళు దాచుకున్నట్టు.

డెవన్‌లోని ఆటరీ సెయింట్ మేరీలో నవంబరు 5న మండుతున్న పీపాను ఒక్కడే భుజాన వేసుకుని జనంలోకి పరుగెత్తుతాడు. వారాల ముందు నుంచే పీపాల లోపల తారు పూసి పెడతారు. పొద్దు గడిచేకొద్దీ పీపా సైజు పెరుగుతుంది, అర్ధరాత్రిది 30 కిలోల పైమాటే. మోసేవాళ్ళు చేతులకు గోనెపట్టా తొడుక్కుంటారు. అడ్డు కంచెలుండవు. పోయేవాళ్ళు నైలాన్ చీర, పాలిస్టర్ జాకెట్ వేసుకోవద్దు. నిప్పురవ్వ పడితే నూలుకు చిల్లు పడి ఊరుకుంటుంది, నైలాన్ కరిగి ఒంటికి అంటుకుంటుంది. లూయిస్‌కు పోయేవాళ్ళకు వేరే చిక్కు: ఆ సాయంత్రం రైళ్ళు ఆగవు, దారులు మూసేస్తారు. షెట్లాండ్‌లోని లెర్విక్‌లో జనవరి ఆఖరి మంగళవారం వెయ్యి మంది కాగడాలతో పొడుగాటి కొయ్య ఓడను తగలబెడతారు. చలికాలమంతా కూర్చుని చేసిన ఓడ, కాలిపోవడం గంట కూడా పట్టదు.

మంటల సంగతిలో ఒక పక్కదారి. కళ్యాణదుర్గం వైపు పాలవాయిలో బూడిద దిబ్బ ఉంది. కొత్తరాతియుగపు పశువుల కాపరులు పేడ పోగేసి కాల్చగా మిగిలింది. మహబూబ్‌నగర్ వైపు ఉట్నూరులో ఇట్లాంటిదే 1957లో రేమండ్ ఆల్చిన్ అనే ఇంగ్లీషు పురాతత్వవేత్త తవ్వితే గిట్టల గుర్తులు, దొడ్డి గుంజల గుంతలు బయటపడ్డాయి. అవి పండగ మంటలై ఉండవచ్చని ఆయన ఊహ. స్కాట్లండ్, ఐర్లండ్‌లలో మే మొదటి రోజు బెల్టేన్ పండక్కి పశువులను రెండు మంటల మధ్య తోలేవాళ్ళు, రోగాలు అంటకుండా. ఈ రెంటికీ చుట్టరికం ఉందని కాదు. పశువే ఆస్తిగా బతికినవాళ్ళు దానికి అగ్గి చూపించకుండా ఏడాది మొదలుపెట్టలేదు, అంతవరకే. ఎడిన్‌బరో కాల్టన్ హిల్ మీద ఇప్పుడు టికెట్ పెట్టి చేసే బెల్టేన్ మాత్రం 1988లో మొదలైంది.

దేవరగట్టు బన్ని ఉత్సవం చూసినవాళ్ళకు లింకన్‌షైర్‌లో జనవరి 6న జరిగే హాక్సీ హుడ్ చప్పగా అనిపించవచ్చు. తోలు చుట్టిన రెండడుగుల గొట్టాన్ని మధ్యలో పెట్టి వందలమంది గుంపుగా తోసుకుంటూ తమ సారాయి అంగడికి చేర్చాలి. కర్రలు లేవు, కొట్టకూడదు, పరుగెత్తకూడదు, తోయడమే. గంటల తరబడి సాగుతుంది. చలిలో గుంపు మీది నుంచి ఆవిరి లేస్తుంటుంది. గ్లాస్టర్‌షైర్‌లో మే ఆఖరి సోమవారం నిలువు కొండమీది నుంచి జున్ను చక్రం దొర్లించి వెంట పడతారు. కాళ్ళు విరగ్గొట్టుకునే ఆట, ఫోన్లో చూస్తే చాలు.

కొమ్ముల నృత్యం ఫోన్లో చూస్తే చాలదు. స్టాఫర్డ్‌షైర్‌లోని అబట్స్ బ్రోమ్లీలో, సెప్టెంబరు 4 తర్వాత వచ్చే మొదటి ఆదివారానికి మర్నాటి సోమవారం. పొద్దున ఎనిమిదిలోపే చర్చి గోడకు వేలాడే ఆరు జతల రెయిన్‌డీర్ కొమ్ములను దించుతారు. పరీక్ష చేస్తే ఒకటి 11వ శతాబ్దానిదని తేలింది. అప్పటికి బ్రిటన్‌లో ఆ జంతువు లేదు, సముద్రం దాటి వచ్చిన కొమ్ములే. అన్నిటికంటే బరువైనది 11 కిలోల పైన. వాటిని భుజాల దగ్గర ఎత్తిపట్టుకుని ఆరుగురు, వెంట ఒక విలుకాడు, గుర్రం వేషం, ఆడవేషం వేసిన మగవాడు, విదూషకుడు. చుట్టుపక్కల పొలాలు, ఇళ్ళు తిరుగుతూ రాత్రికి దాదాపు 16 కిలోమీటర్లు నడుస్తారు. ఊరి మధ్యలో జనం మూగుతారు. పొద్దున పది లోపు ఒక పొలం గట్టున కాచుకుంటే ఇరవై మంది చూపరులు కూడా ఉండరు, కొమ్ములు ఒకదానికొకటి తగలకుండా ఎదురెదురుగా వచ్చి వెనక్కి తగ్గే అడుగులు స్పష్టంగా కనబడతాయి.

చివరగా పీలికల బావి. స్కాట్లండ్ ఉత్తరాన మన్‌లోకీ అనే ఊరి దగ్గర అడవిలో ఊట ఒకటి, చుట్టూ చెట్లకు వేలకొద్దీ గుడ్డముక్కలు. మన పల్లెల్లో వేపచెట్టుకు ముడుపు కట్టినట్టే, పద్ధతి మాత్రం కచ్చితం. ఊట చుట్టూ సూర్యుడు తిరిగే దిక్కున, అంటే మన ప్రదక్షిణం దిక్కునే, మూడు చుట్లు తిరగాలి. గుడ్డను నీళ్ళలో తడిపి, నొప్పి ఉన్నచోట తాకించి, కొమ్మకు కట్టి రావాలి. గుడ్డ చివికేకొద్దీ రోగం తగ్గుతుందని నమ్మకం. వేరేవాళ్ళ పీలిక ముట్టుకుంటే వాళ్ళ రోగం మనకు చుట్టుకుంటుందట. ఇప్పుడు అక్కడ కట్టేవాటిలో సగం పాలిస్టర్ టీషర్టులు, నైలాన్ మేజోళ్ళు. పదేళ్ళయినా చివకవు, కొమ్మ లావెక్కేకొద్దీ ముడి బిగుసుకుని బెరడును కోస్తుంది. అప్పుడప్పుడూ వాటిని కోసి తీసేయాల్సి వస్తుంది. పోయేవాళ్ళు ఇక్కడినుంచే పాత నూలు పంచె అంచు జానెడు చించి పెట్టెలో వేసుకోండి. ముడి వదులుగా, లావు కొమ్మకు కాకుండా సన్న రెమ్మకు.